రచనలో వ్యక్తిత్వము : అహంకారమా? ఆత్మసాక్ష్యమా?

వ్రాతకు దిగినవారిని మన పెద్దలు రెండు విధములుగా హెచ్చరించుచుందురు. “నీ వ్రాతలో నీవెక్కడా కనిపించుట లేదు” అనునది మొదటి హెచ్చరిక. “నీ వ్రాతలో ఎక్కడ చూచినను నీవే కనిపించుచున్నావు” అనునది రెండవది. మొదటిది కొరతను చెప్పును; రెండవది దోషమును చెప్పును. కనబడకపోయినను తప్పే, కనబడినను తప్పే అయినచో వ్రాయువాడు ఏమి చేయవలెను? ఈ ముడి విడవలెనన్న, ఆ రెండు వాక్యములలోని “నీవు” ఒకటేనా, వేరువేరా అని విచారింపవలసి యున్నది.

సాహిత్యపరులకు ఇది శైలికి సంబంధించిన ప్రశ్న మాత్రమే. మనకు అంతటితో తీరదు. “నేను”, “నాది” అను భావమును ఇష్టలింగమునకు సమర్పించుమని బోధించు మార్గములో పుట్టి పెరిగినవారము. అట్టివారము వ్రాతలో వ్యక్తిత్వమును పెంచుకొనుట తగునా? తగదన్నచో వ్రాతలన్నియు ఒకే మూసలో పోసినట్లుండును. తగునన్నచో అహంకారమునకు తలుపు తీసినట్లగును. కావున ఇది నడవడికి సంబంధించిన ప్రశ్న కూడ.

పండితుల మాట

మన ఆలంకారికులు ఈ విషయమును ఎన్నడో స్పృశించినారు. కావ్యాదర్శకర్తయైన దండి వైదర్భ, గౌడ మార్గములు రెంటిని లక్షణములతో వివరించి, ఒక్కొక్క కవియందుండు భేదములను మాత్రము లెక్కించుట అసాధ్యమన్నాడు. చెఱకు, పాలు, బెల్లము అన్నియు తీయనివే. అయినను వాని తీపులలో ఎంతో తేడా ఉన్నది. ఆ తేడాను సరస్వతి సైతము మాటలలో పెట్టి చెప్పజాలదని ఆయన అభిప్రాయము.

కాశ్మీరదేశీయుడైన కుంతకుడు వక్రోక్తిజీవితములో ఇంకను ముందుకు వెళ్లినాడు. విదర్భలో పుట్టినవానిది వైదర్భి, గౌడదేశములో పుట్టినవానిది గౌడి అనుట ఆయనకు నచ్చలేదు. మేనమామ కూతురిని పెండ్లాడుట ఒక దేశపు ఆచారము కావచ్చును గాని, కావ్యరచన అట్టి దేశాచారము కాదని ఆయన వాదము. మార్గభేదమునకు మూలము కవి స్వభావమేనని ఆయన తేల్చినాడు. మేనరికములెరిగిన తెలుగువారికి ఈ పోలిక ఇట్టే బోధపడును. వ్యక్తిత్వము ఊరినిబట్టి, వంశమునుబట్టి, చదివిన బడినిబట్టి దానంతట అది సంక్రమించునది కాదు. స్వభావము ఎవరిది వారిదే. అది వ్రాతలోనికి వచ్చుటకు దారి ఈయవలసినవాడు వ్రాయువాడే.

శరణుల అంకితములు

పన్నెండవ శతాబ్దిలో కల్యాణమున కూడిన శరణులు ఈ విషయమై లక్షణగ్రంథములు వ్రాయలేదు; ఆచరించి చూపినారు. ప్రతి వచనమునకు చివర ఒక అంకితముండును. బసవేశ్వరులు కూడలసంగమదేవుని పేర, అల్లమప్రభువు గుహేశ్వరుని పేర, అక్కమహాదేవి చెన్నమల్లికార్జునుని పేర, జేడర దాసిమయ్య రామనాథుని పేర తమ వచనములను ముగించినారు. ఇవన్నియు శివుని పేర్లే. శివుడొక్కడే అయినపుడు ఇన్ని పేర్లెందులకు? అందరును ఒకే నామముతో ముగించియుండవచ్చును గదా!

శివుడొక్కడే, ఆయనను ఎవరెట్లు ఎరిగినారన్నది మాత్రము ఎవరికి వారిదే. బసవేశ్వరులు పెరిగి జ్ఞానార్జన చేసిన కృష్ణా మలప్రభా సంగమక్షేత్రము ఆయన అంకితములో నిలిచియున్నది. అక్కమహాదేవి సర్వమును వదలి చేరుకొన్న శ్రీశైల మల్లికార్జునుడు ఆమె అంకితములో ఉన్నాడు. అంకితము దేవుని పేరే గాని, దానిలో భక్తుని బ్రదుకు దాగియున్నది. తాటాకులలో ఒకరి వచనముల నడుమ మరియొకరివి చేరినపుడు, ఇది ఎవరి మాట యని గుర్తించుటకు పరిశోధకులకు మొదటి ఆనవాలు ఆ అంకితమే అయినది. విజాపురములో న్యాయవాదిగా నుండిన ఫ.గు. హళకట్టి మహాశయులు ఊరూర తిరిగి తాళపత్రములను సేకరించి, 1923లో వచనశాస్త్రసారమును ప్రకటించినారు. ఎనిమిది వందల యేండ్ల నాటి చాకలి మాట చాకలిదిగా, పడవవాని మాట పడవవానిదిగా నేడు మనకు దక్కుటలో ఆయన శ్రమయు ఉన్నది, ఆ అంకితముల చలువయు ఉన్నది.

వీరిలో అంబిగర చౌడయ్య తీరు వేరు. నదిపై పడవ నడిపిన ఈ శరణుడు దేవుని పేరునకు బదులుగా తన పేరునే అంకితముగా పెట్టుకొన్నాడు. పైకి చూచినచో ఇది అహంకారముగా తోచవచ్చును. కాని ఆయన వచనములు ఎట్టివి? కపటమును మొగము మీదనే ఖండించు కటువైన మాటలవి. అట్టి మాట పలుకువాడు దేవుని చాటున నిలుచుట తగదు. “ఈ మాట నాది, దీనికి నేను పూచీ” అని చెప్పుటకే ఆ పేరు అక్కడ ఉన్నట్లు నాకు తోచును.

సంకవ్వ సంగతి మరింత ఆలోచింపదగినది. వేశ్యావృత్తినుండి శరణమార్గమునకు వచ్చిన ఈ తల్లి వచనము నేడు మనకు ఒక్కటే లభించుచున్నది. ఆమె అంకితము నిర్లజ్జేశ్వరుడు. లోకము తన నెత్తిన మోపిన సిగ్గును ఆమె దాచుకొనలేదు. దానిని దేవుని పాదముల చెంత దించి, ఆ దేవునికే ఆ పేరు పెట్టుకొన్నది. ఈ అంకితమును మరియొకరు పెట్టుకొనుట సాధ్యమా? పెట్టుకొన్నను అది వారికి అతుకునా? నూరు గ్రంథములు వ్రాసినవారిని లోకము మరచినది. ఒక్క వచనముతో సంకవ్వ నిలిచినది.

ఆయ్దక్కి లక్కమ్మ భర్త మారయ్య. రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట ఆ దంపతుల కాయకము. ఒకనాడు భర్త అవసరమునకు మించి తెచ్చినాడట. అత్యాశ మనకు వలదు, ఎక్కువైన వానిని తిరిగి అక్కడనే పోసి రమ్మని లక్కమ్మ పంపినది. ఆమె వచనములలో ఆశను గూర్చిన మాట అంత సూటిగా ఉండుటకు కారణము వేరే వెదకనక్కరలేదు. గింజను గింజగా లెక్కపెట్టిన చేయి అది. ఆశను గూర్చి వేదాంతులు ఎందరో వ్రాసినారు. లక్కమ్మ మాటకున్న బరువు వానికి లేకపోవుట పాండిత్యలోపము వలన కాదు. ఆ మాట వెనుక ఆ చేట బియ్యము లేకపోవుట వలననే.

ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. పైకి కనబడు ముద్రను ఎవరైనను అరువు తెచ్చుకొనవచ్చును. తెలుగున వేమన్న తన పేరునే మకుటమున నిలిపినాడు. ఆ మకుటము తగిలించి ఎందరెందరో పద్యములల్లి వేమన్న ఖాతాలో వేసినారు. ఏది ఆయనది, ఏది కాదు అని పండితులు నేటికిని తర్కించుచునే యున్నారు. మకుటము ఒకటే అయినను, చదువరి చెవికి కొన్ని పద్యములు గట్టిగను కొన్ని డొల్లగను వినబడును. వ్యక్తిత్వము ముద్రలో లేదు, ముద్ర వెనుకనున్న మనిషిలో ఉన్నదనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు. నేడు కొందరు ప్రతి వాక్యమునకు ఒక చమత్కారము, ప్రతి పేరాకు ఒక ఆశ్చర్యార్థకము జోడించి అదియే తమ ప్రత్యేకత యనుకొందురు. అది మకుటమును అరువు తెచ్చుకొనుట వంటిదే.

పాలకురికి సోమనాథుని త్రోవ

మన తెలుగునాట ఈ ధర్మమును కావ్యమున నిలిపినవాడు పాలకురికి సోమనాథుడు. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి ఆయన పేరుతో ముడిపడిన ఊరు. ఆయన నాటికి తెలుగున చంపూమార్గము స్థిరపడియున్నది. వృత్తములతో, సంస్కృత సమాసములతో వ్రాసినచో పండితులు మెచ్చుకొందురని ఆయన ఎరుగనివాడు కాడు. సంస్కృతమున ఆయనకున్న పాండిత్యము ప్రసిద్ధమే. అయినను బసవపురాణమును దేశిచ్ఛందమైన ద్విపదలో, జానుతెనుగున వ్రాసినాడు. చేతనైన దానిని వదలి, తనకు తగిన దానిని ఎన్నుకొనుటలో ఆయన వ్యక్తిత్వము మొదట వెల్లడియైనది. ఎవరి కథ చెప్పుచున్నాడో వారు పాడుకొనదగిన పలుకులో చెప్పవలెనన్నది ఆయన పట్టు. ఆ గ్రంథమును భీమకవి 1369లో కన్నడమునకు తెచ్చినాడు. కన్నడ నేలపై వెలసిన మహాత్ముని చరిత్ర తెలుగు పురాణమై, తిరిగి తెలుగునుండి కన్నడమునకు నడచుట చిన్న సంగతి కాదు.

ఆ పురాణమందలి ముగ్ధభక్తులను ఒకసారి తలచుకొనుడు. శివునికి తల్లి లేదే యని బెంగపడి, బెజ్జమహాదేవి తానే తల్లియై లాలించినది. గొడగూచి అను బాలిక తండ్రి చెప్పిపోయిన పాలను శివుడు నిజముగనే త్రాగునని నమ్మినది. శివుడు విషము మ్రింగినాడని విని, ఆయనకేమగునో యని రుద్రపశుపతి నీటిలో దిగి ప్రాణములకు తెగించినాడు. కుమ్మరి గుండయ్య కుండలు వాయించి ఆడగా శివుడును ఆడినాడు. వీరిలో ఒక్కరైనను మరియొకరిని చూచి భక్తి నేర్చుకొనలేదు. ఎవరికి ఏది చేతనున్నదో దానితోనే శివుని పిలిచినారు. కుండ ఉన్నవాడు కుండతో, పాలున్న పిల్ల పాలతో. తనకు లేనిదానిని అరువు తెచ్చి పూజించినవాడు ఈ కథలలో కనబడడు. రచనకును ఇదే సూత్రము వర్తించునని నా అభిప్రాయము.

బేగంపేటలో ఒక దినము

భక్తుల విషయము సరే. స్వానుభవమునకు చోటు లేదని మనము భావించు శాస్త్రరచనలో వ్యక్తిత్వమునకు తావెక్కడ అని అడుగవచ్చును. దీనికి సమాధానము మా బేగంపేటలోనే ఉన్నది. పాత విమానాశ్రయమునకు సమీపమున నున్న ఒక పాత భవనములో 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు, మలేరియా రోగిని కుట్టిన దోమను కోసి, దాని పొట్టగోడలో మలేరియా క్రిమి యొక్క జాడను సూక్ష్మదర్శినిలో చూచినాడు. మలేరియా వ్యాపించు మార్గము తెలియుటకు అది నాంది అయినది. ఆయనకు 1902లో నోబెల్ బహుమానము లభించినది. సికింద్రాబాదు పిల్లలకు ఈ కథ తెలియనిది కాదు.

ఈ ఒక్క సంగతినే రాస్ మూడు విధములుగా వ్రాసినాడు. అదే సంవత్సరము డిసెంబరులో బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించిన వ్యాసము మొదటిది. ఆ దినములలోనే ఉప్పొంగిన మనస్సుతో అల్లుకొన్న పద్యము రెండవది. ఆయన వైద్యుడే గాక కవి కూడ. 1923లో అచ్చయిన స్వీయచరిత్ర మూడవది. స్వీయచరిత్రలో ఆనాటి ఉక్క ఉన్నది. చెమటకు త్రుప్పు పట్టిన సూక్ష్మదర్శిని మరలు ఉన్నవి. పంకా వేసినచో దోమలు ఎగిరిపోవునని ఉక్కలోనే కూర్చుండుట ఉన్నది. వైద్యపత్రికకు ఈ చెమటతో పనిలేదు. ఏది ఎచ్చట చెప్పవలెనో తెలియుట కూడ వ్యక్తిత్వములో భాగమే.

అయితే ఆ మొదటి వ్యాసము నిర్జీవమైనదా? దాని శీర్షికను చూడుడు. మలేరియా రక్తము త్రాగిన రెండు దోమలలో కనబడిన కొన్ని వింత కణములను గూర్చి అని దాని తాత్పర్యము. “రెండు దోమలలో” అన్న మాట వద్ద ఒక్క క్షణము ఆగవలెను. ప్రపంచమును పీడించు వ్యాధి గుట్టు చేజిక్కినదని లోలోపల ఉప్పొంగుచున్నవాడు, పద్యము వ్రాసికొన్నవాడు, అచ్చులో మాత్రము తాను చూచిన దోమలు రెండే అని చెప్పినాడు. “దోమలలో” అని ఊరకున్నను ఎవరును కాదనియుండరు. తాను చూచినంతవరకే చెప్పుట, చూచిన దానిని మాత్రము చెప్పి తీరుట, దానికి తన పేరు పెట్టి నిలుచుట: “నేను” అను శబ్దము అక్కరలేకయే మనిషి వ్రాతలో ప్రవేశించు మార్గమిది. ఆ “రెండు” అను మాటలో రాస్ నిలువెల్ల కనబడుచున్నాడు.

ముందు నిలుచుట, వెనుక నిలుచుట

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలుదము. “నీవు కనబడుట లేదు”, “నీవే కనబడుచున్నావు” అను రెండు మాటలలోని “నీవు” ఒకటి కాదు. అహంకారి తాను చెప్పదలచిన వస్తువునకు ముందు వచ్చి నిలుచును. చదువరికి వస్తువు కనబడదు, అతడే కనబడును. వ్యక్తిత్వము గలవాడు వస్తువునకు వెనుక నిలుచును; చదువరికి వస్తువు స్పష్టముగా కనబడును, దాని వెనుక పూచీదారు ఒకడున్నాడని తెలియును. అంకితము వచనము మొదట గాక చివర ఉండుటలో నాకు ఈ మర్మమే తోచుచున్నది. మాట ముందు నడచును. సాక్షి వెనుక నడచును.

శరణులు నుడి, నడ రెండును ఒకటి కావలెనని చెప్పినారు. ఈ బోధను మనము సాధారణముగా చెప్పినది చేయుమను అర్థములోనే గ్రహించుచున్నాము. దానికి రెండవ ముఖము కూడ కలదు. చేసినది చెప్పుము, చూచినది చెప్పుము, చేయనిది చెప్పకుము. ఇతరుల మాటలను తన అనుభవమువలె వ్రాయువాడు ఒకరి కష్టార్జితమును తనదిగా చూపుకొనువాని వంటివాడు. వ్రాతయు ఒక కాయకమే అయినపుడు, దానికిని స్వార్జితమే శోభ.

ఇక నిత్యజీవితమునకు వత్తము. మన పత్రికలలో, కరపత్రములలో, నేడు చేతి ఫోనులలో లింగైక్యులైన పెద్దలను గూర్చిన నివాళులు కనబడుచుండును. పేరు చేతితో మూసి చదువుడు. సౌమ్యులు, స్నేహశీలి, అజాతశత్రువు, దానధర్మములకు పెట్టినది పేరు. ఇవి ఎవరిని గూర్చి? పదిమందిలో ఎవరిని గూర్చియైనను కావచ్చును. ఇట్టి నివాళి ఒకటి చదివిన పిదప, ఆ పెద్దమనిషి కుమారునితో మాటలాడు సందర్భము నాకు కలిగినది. ఆయన బట్టల కొట్టు నడిపినవారు. బట్ట కొలుచునపుడు మీటరు కర్ర చివర బొటనవ్రేలు ఆనించి, ఆ వ్రేలికి అవతల కత్తెర పెట్టెడివారట. ప్రతి కొలతకు ఒక వ్రేలు వెడల్పు కొనుగోలుదారునిది. నలుబది యేండ్లు ఎవరితోను ఆ మాట చెప్పలేదట. కుమారుడు ప్రక్కన నిలిచి చూచినాడు, అంతే. “మరి ఈ సంగతి ఎందుకు వ్రాయలేదు?” అన్నాను. “ఇట్టివి కూడ వ్రాసెడివేనా అండీ?” అని అతడు నావైపు చూచినాడు.

మన వ్రాతలు బోసిపోవుటకు మూలము ఆ ప్రశ్నలోనే ఉన్నది. వ్రాత యనునది గొప్ప మాటలకు మాత్రమే యని, మనము ఎరిగిన చిన్న సంగతులు దానికి తగవని ఒక నమ్మకము మనలో పాతుకొన్నది. అందువలన మంచివాడు పోయినపుడు ఆయనతోపాటు ఆయన మంచితనము యొక్క ఆనవాలు కూడ పోవుచున్నది. “దానశీలి” అన్న పదము వేలమందికి చెల్లును. ఆ బొటనవ్రేలు ఒక్కరిదే. పోయినవానికి ఆయనది కాని పొగడ్త కప్పి, ఆయనదైన దానిని వదలివేయుట సాహిత్యదోషము మాత్రమే కాదు, ఋణము తీర్పకపోవుట.

బడిలోను ఇదే తీరు. ఆషాఢమాసమున సికింద్రాబాదు బోనాలను గూర్చి వ్యాసము వ్రాయుమన్నచో నలుబదిమందిలో ముప్పదిమంది “ప్రజలు భక్తిశ్రద్ధలతో జరుపుకొందురు” అని గైడులోని వాక్యమునే దించుదురు. ఒక బాలిక మాత్రము, తన తల్లి బోనమెత్తుకొని వచ్చిన మరునాడు మెడ పట్టివేసి, ఎవరు పిలిచినను మెడ త్రిప్పలేక మనిషి మొత్తముగా తిరిగి చూచినదని వ్రాసినది. “భక్తి” అను పదము ఆ వాక్యములో లేదు. ఉండవలసిన అవసరమును లేదు. ఆ బాలిక వ్రాతలో అక్షరదోషములు నాలుగున్నవి, వానిని దిద్దవచ్చును. గైడు వాక్యములో దిద్దుటకేమియు లేదు. అదియే దాని దురదృష్టము.

నేడు గైడును మించినది వచ్చినది. ఏ విషయము అడిగినను క్షణములో వ్యాసము, ఉత్తరము, నివాళి కూర్చి ఇచ్చు యంత్రములు చేతి ఫోనులలోనికి వచ్చినవి. వానిని దూషించుట నా ఉద్దేశము కాదు. దరఖాస్తు వ్రాయలేని పేదవానికి అవి మేలు చేయవచ్చును. కాని ఒక మాట మరువరాదు. కొట్టులో ప్రక్కన నిలిచి బొటనవ్రేలిని చూచినది కుమారుడు. మెడ పట్టిన తల్లిని చూచినది కూతురు. అడుగనిదే, చెప్పనిదే ఆ సంగతి ఏ యంత్రమునకు తెలియును? దాని వాక్యము ఎంత నునుపైనను, “నేను చూచినాను, నేను పూచీ” అని చెప్పువారు అందులో లేరు. ఆ చోటు మనిషిదే. దానిని మనిషియే ఖాళీ చేసి పోయినచో తప్పు యంత్రముది కాదు.

వ్రాయదలచిన వారికి

వ్యక్తిత్వమును రచనలోనికి తెచ్చుకొనుటకు మంత్రములు లేవు గాని, కొన్ని అలవాట్లు కలవు. వ్రాసిన పిమ్మట మీ పేరు మూసి చదువుకొనుడు. అది మరియెవరి పేరుతోనైనను చెల్లునట్లున్నచో, మీరింకను వ్రాయనారంభింపలేదని తెలిసికొనుడు. ప్రతి పెద్ద మాట క్రింద ఒక చిన్న సంగతి ఉన్నదా యని చూడుడు: “త్యాగము” అన్నచో ఏమి వదలినారు, ఎప్పుడు వదలినారు? మీ వృత్తి మాటలను చూచి సిగ్గుపడకుడు. వ్యవసాయము చేయువారికి మడి, కయ్య, కలుపు ఉన్నవి. వ్యాపారికి తూనిక, తరుగు, అరువు ఉన్నవి. వంటింటి తల్లికి ఎసరు, పోపు, సెగ ఉన్నవి. నేతవాడును పడవవాడును తమ మాటలతోనే శివుని గూర్చి పలికినారు. ఇక తెలియని దానిని తెలిసినట్లు వ్రాయకుడు. చూచిన దోమలు రెండైనచో రెండనియే వ్రాయుడు.

దీనికి ఒక హద్దును కలదు. ఇంటి గుట్టును రచ్చకెక్కించుట వ్యక్తిత్వము కాదు. ఇతరుల బాధను, బలహీనతను మన వ్రాతకు రుచికొరకు వాడుకొనుట అసలే కాదు. మనదైన దానిని చెప్పుటకు మనకు అధికారము కలదు. ఎదుటివానిదైన దానిని చెప్పునపుడు, అతడే చదివినచో ఏమనుకొనునో ఒకసారి తలచుకొనవలెను. సంకవ్వ తన సిగ్గును తానే చెప్పుకొన్నది. అదే మాట ఆమెను గూర్చి మరియొకరు చెప్పియుండినచో అది నింద అగును. మాట ఒకటే; పలికిన నోరు మారగానే ధర్మము మారినది.

“మాబోటి సామాన్యులకు వ్యక్తిత్వమెక్కడిది? వ్రాయదగిన బ్రదుకెక్కడిది?” అని కొందరు వినయముతో అందురు. రాలిన బియ్యము ఏరుకొన్న ఇల్లాలికి ఉండినది. కుండలు చేసినవానికి ఉండినది. మన ఇండ్లలో ఎనుబది యేండ్ల అవ్వలు, తాతలు ఉన్నారు. ఏ కరువులో ఏమి తినినారో, ఏ జాతరకు ఎన్ని ఆమడలు నడచినారో, మఠములో దాసోహమునకు మొదట వంట చేసిన చేతులెవ్వరివో వారికి తెలియును. వారితో కూర్చుండి, వారు పలికిన పలుకులోనే, వారి పేరుతో వ్రాసిపెట్టుడు. ఆ పని ఇంటిలోని పిల్లలకు అప్పగింపుడు. అందమైన వాక్యములు వారికి రాకపోయినను కొరత లేదు. అవ్వ ఏమన్నదో దానినే వ్రాయుమనుడు; ఎవరు చెప్పగా ఎవరు వ్రాసినారో, ఏ తేదీన వ్రాసినారో చివర వ్రాయుమనుడు.